రొయ్యల చెరువుకి ఏ జనరేటర్ మేలు: పెద్దదొకటా, చిన్నవి రెండా, ట్రాక్టర్‌కి తగిలించేదా?

ఇంట్లో కరెంట్ పోతే ఉక్కపోత, అంతే. వనామి రొయ్యల చెరువు మీద, అదీ తెల్లవారుజామున పోతే పంటే పోతుంది. రాత్రంతా నాచు, రొయ్య, అడుగు బురద కలిసి నీళ్లలో ఆక్సిజన్ వాడేస్తాయి. పొద్దు పొడవబోయే ముందే అది బాగా తక్కువగా ఉంటుంది. ఆ వేళ నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే కాసేపటికే రొయ్యలు తేలి గట్టు వారకు చేరతాయి. అందుకే భీమవరం చుట్టుపక్కల ఎవరైనా ‘ఎన్ని కేవీఏ (జనరేటర్ సామర్థ్యానికి కొలత) కొనమంటావ్’ అని అడిగితే, ‘కరెంట్ పోయాక జనరేటర్ ఎన్ని నిమిషాల్లో అందుకోవాలి’ అని ఎదురు అడుగుతాను.

లెక్క మాత్రం తప్పదు. రెండు హెచ్‌పీ ఏరేటర్లు ఎనిమిది ఉన్నాయనుకోండి. అన్నీ తిరిగితే 14 కిలోవాట్ల పైన లాగుతాయి, అంటే సుమారు 18 కేవీఏ. కానీ మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్ల కరెంట్ తీసుకుంటుంది. ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే 25 కేవీఏ సరిపోతుంది. ఎనిమిదీ ఒకేసారి వేస్తే అదే మిషన్ మూలిగి ఆగిపోతుంది.

ట్రాక్టర్ పీటీఓకి, అంటే వెనక తిరిగే షాఫ్ట్‌కి, తగిలించే ఆల్టర్నేటర్ (కరెంట్ పుట్టించే భాగం) అన్నిటికన్నా చౌక, వేరే ఇంజన్ కొనే పని లేదు. పీటీఓ తిరిగేది నిమిషానికి 540 చుట్లు, ఆల్టర్నేటర్‌కి కావాల్సింది 1500, మధ్యలో గేర్‌బాక్స్ ఉంటుంది. ఇంజన్ వేగం కాస్త జారితే కరెంట్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారుతుంది, మోటార్లు వేడెక్కుతాయి. అసలు చిక్కు అది కూడా కాదు. రాత్రి రెండింటికి ట్రాక్టర్ ఇంటి దగ్గర, డ్రైవర్ నిద్రలో! రెండో వరసలో ఉంచుకోవడానికి బాగుంటుంది, దాని మీదే ఆధారపడొద్దు.

ఇక 25 కేవీఏ ఒకటా, 15 కేవీఏ రెండా? కొన్న రోజు పెద్దదే లాభంగా కనిపిస్తుంది. ఒకటే బ్యాటరీ, ఒకటే సర్వీసింగ్. కానీ పంట మొదట్లో రెండు ఏరేటర్లే తిరుగుతాయి. అంత తక్కువ లోడ్ మీద రోజూ గంటలకొద్దీ నడిస్తే డీజిల్ సరిగ్గా కాలక ఇంజన్‌లో మసి పేరుకుంటుంది, సైలెన్సర్ నుంచి నల్ల నూనె కారుతుంది. చిన్నవి రెండుంటే మొదట్లో ఒకటి, తర్వాత నాలుగేసి ఏరేటర్లకు ఒక్కోటి. ఒకటి మొరాయించినా రెండోది ఐదారు ఏరేటర్లను లాగుతుంది. ఖర్చు ఎక్కువే, అయినా నా ఓటు రెండింటికే. రెండింటినీ ఒకే లైనుకి మాత్రం కలపకండి, వేర్వేరు ఛేంజ్ఓవర్లు (లోడ్‌ని మెయిన్ నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్‌లు) ఉండాలి.

మా గట్టు మీద ఓసారి ఇంజన్ కొత్తదే, ట్యాంకు నిండుగానే ఉంది, స్టార్ట్ కాలేదు. బ్యాటరీ చచ్చింది. పక్క చెరువు వాళ్ల ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి తగిలించేసరికి నలభై నిమిషాలు. ఆ టెన్షన్ చాలు జీవితానికి.

కరెంట్ పోగానే జనరేటర్‌ని దానంతటదే స్టార్ట్ చేసే ఏఎంఎఫ్ ప్యానెల్ పెట్టిస్తే, ఏరేటర్ల స్టార్టర్లకు ఒకదాని తర్వాత ఒకటి అందుకునేలా టైమర్లు కూడా పెట్టించండి. లేకపోతే జనరేటర్ నడుస్తూనే ఉంటుంది, స్టార్టర్లు ఆఫ్ అయిపోయి ఏరేటర్లు ఆగే ఉంటాయి. వారానికోసారి పగలే మెయిన్ తీసి, లోడ్ మీద పావుగంట నడిపి చూడండి.