పేపర్ పబ్లిష్ చేయిస్తామనే ప్యాకేజీ వాళ్లతో జాగ్రత్త: మా సార్ ఎప్పుడూ రాయని పేపర్‌ని ఆయన పేరు మీద పుట్టించారు

ఇంకా కోపం చల్లారలేదు, రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. ఆ ఏజెన్సీ ఏదో మెడికల్ కాలేజీల్లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. "డేటా అనాలిసిస్, రైటింగ్, స్కోపస్ పబ్లికేషన్, అన్నీ మేమే చూసుకుంటాం" అని నెలకోసారి మన వాట్సాప్ గ్రూపులన్నింట్లో పడే మెసేజ్ ఉంది కదా, వాళ్లే. (స్కోపస్ అంటే ఎంపిక చేసిన జర్నళ్ల పేపర్లని సూచీగా పెట్టే డేటాబేస్.) పేరు బయటపెడితే కేసు వేస్తామని నిన్న ఫోన్‌లోనే అన్నారు కాబట్టి రాయట్లేదు. మెసేజ్ చూడగానే మీకే తెలుస్తుంది.

నేను నల్గొండ జిల్లాలో ఫోరెన్సిక్ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పొద్దున మార్చురీ, తర్వాత క్లాసులు, సమన్లు వస్తే మిర్యాలగూడ కోర్టుకో దేవరకొండ కోర్టుకో పరుగు. ప్రమోషన్‌కి పబ్లికేషన్లు కావాలి, అది నిజమే, కానీ ఈ పేపర్ ప్రమోషన్ కోసమే మొదలుపెట్టింది కాదు. మునుగోడు, చండూరు వైపు నుంచి గడ్డి మందు కేసులు మా దగ్గరికి వస్తుంటాయి. గడ్డి మందు అంటే పారాక్వాట్. దాని మీద ప్రపంచంలో ఎవరెవరు పరిశోధన చేశారు, ఎవరి పేపర్‌ని ఎవరు సైట్ చేశారు, అంటే ఆధారంగా చూపించారు, మనలాగా మార్చురీలో శవాన్ని చూసి రాసినవాళ్లు అందులో ఎందరు, ఈ లెక్క తీయాలని నాకు పీజీ రోజుల నుంచీ ఉంది. బిబ్లియోమెట్రిక్ స్టడీ అంటారు దీన్ని. ఆదివారాలు కూర్చుని ఆరు నెలల్లో ఇంట్రడక్షన్, డిస్కషన్ నేనే రాసుకున్నాను. డేటా దించడం, అందులో రచయితల పేర్లు విడదీయడం, నెట్‌వర్క్ మ్యాపులు గీయడం, రిఫరెన్సులు సరిచేయడం, జర్నల్‌కి పంపడం వాళ్ల పని. మొత్తం 38,000 రూపాయలు. 18,000 ముందు, 20,000 యాక్సెప్ట్ అయ్యాక. అన్నీ ఫోన్‌పేలోనే కట్టాను, రసీదు అడిగితే పంపిస్తాం మేడం అన్నారు, ఈ రోజుకీ పంపలేదు.

ఇంకో తప్పు కూడా చేశాను. పేపర్ రచయితలెవరో రాసిచ్చే ఆథర్‌షిప్ ఫారం ఖాళీగా ఉండగానే సంతకం పెట్టి ఫొటో తీసి పంపాను. ఆ రోజు డ్యూటీలో ఉన్నాను, వాళ్లు గంటలో కావాలి అన్నారు. శవం మీద గాయాన్ని కొలవకుండా రిపోర్టులో ఒక్క అంకె కూడా వేయని దాన్ని, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టేశాను. దీన్ని నేను మర్చిపోలేను.

పదకొండు రోజుల్లో యాక్సెప్ట్ అయిందన్నారు. రివ్యూ అని పంపింది ఒక్క లైను, "బాగుంది, ప్రచురించవచ్చు" అని. అనుమానం రావాలి, రాలేదు, సంతోషంలో ఉన్నాను. మిగతా 20,000 కట్టేశాను. మూడో రోజు పీడీఎఫ్ వచ్చింది. ప్రింట్ తీసుకుని నేరుగా రామగిరిలో ఉండే మా గైడ్ సార్ ఇంటికి వెళ్లాను. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది, నాకు పోస్ట్‌మార్టమ్ నేర్పింది ఆయనే.

సార్‌కి ఒక అలవాటు, ఏ పేపర్ ఇచ్చినా వెనక నుంచి చదువుతారు. ముందు రిఫరెన్సులు. ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కోదాని పక్కన చుక్క పెడుతూ వచ్చారు. 23 దగ్గర ఆగారు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఏమ్మా, నేనెప్పుడు రాసిన ఇది?"

సార్ మర్చిపోయారేమో అనుకున్నాను. చూస్తే ఆయన ఇంటిపేరు, ఇనీషియల్స్, ఒక మంచి జర్నల్ పేరు, సంవత్సరం, పేజీ నంబర్లు, డీఓఐ (పేపర్‌ని ఆన్‌లైన్‌లో గుర్తుపట్టే నంబర్), అన్నీ ఉన్నాయి. "నా సర్వీసులో పారాక్వాట్ మీద ఒక్క పేపర్ కూడా రాయలేదమ్మా, రాయాలనుకుని రాయలేకపోయిన" అన్నారు. ఆ డీఓఐని నా ఫోన్‌లో కొడితే చేపల పెంపకం మీద ఎవరిదో పేపర్ తెరుచుకుంది. అప్పటికి నా గొంతు ఎండిపోయింది.

ఇద్దరం కూర్చుని 46 రిఫరెన్సులూ వెతికాం. 19 అసలు ఎక్కడా లేవు. వైద్య పేపర్ల సూచీ పబ్‌మెడ్‌లో లేవు, జర్నల్ వెబ్‌సైట్లలో లేవు, ఆ వాల్యూమ్‌లో ఆ పేజీలే లేవు. నేను పంపిన డ్రాఫ్ట్‌లో 29 ఉండేవి, ప్రతిదీ నేను చదివింది. సరిచేయమని ఇస్తే నావి కొన్ని తీసేసి, పుట్టించినవి కలిపారు.

అప్పుడు మిగతావి కూడా కంటపడటం మొదలైంది. రచయితల పట్టిక చూడండి. ఒక్క పేపర్ రాసినవాళ్లు 400, రెండు రాసినవాళ్లు 100, మూడు రాసినవాళ్లు 44, నాలుగు రాసినవాళ్లు 25. ఈ సబ్జెక్ట్ తెలిసినవాళ్లకి ఇక్కడే అర్థమైపోతుంది. 1926లో లోట్కా అనే శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఇది, ఒక్క పేపర్ రాసినవాళ్లతో పోలిస్తే రెండు రాసినవాళ్లు నాలుగో వంతు, మూడు రాసినవాళ్లు తొమ్మిదో వంతు, అలా తగ్గుతూ పోతారని. కానీ అది సుమారు లెక్క. నిజమైన డేటా ఎప్పుడూ ఇలా అచ్చు గుద్దినట్టు రాదు, అటో ఇటో ఉంటుంది. వీళ్లు డేటా లెక్కపెట్టనే లేదు, 400 అని ఒక అంకె వేసుకుని 4తో, 9తో, 16తో భాగించారు. నా పేరు మీద.

రంగురంగుల గుండ్రాల మ్యాప్ ఉంది, దాన్ని చూసే నేను మురిసిపోయాను. గుండ్రం ఎంత పెద్దదైతే ఆ మాట అన్ని ఎక్కువ పేపర్లలో ఉన్నట్టు. అందులో పెద్ద గుండ్రాలు ఏవో తెలుసా? పార్కిన్సన్స్, ఎలుకలు, క్లోరోప్లాస్ట్. పారాక్వాట్‌ని ల్యాబుల్లో ఎలుకలకి, ఈగలకి ఇచ్చి పార్కిన్సన్స్ లాంటి మార్పులు తెప్పించి చూస్తారు, మొక్కల మీద కూడా వాడతారు. మనకి కావాల్సింది మనుషుల మరణాలైతే సెర్చ్‌లోనే ఆటాప్సీ, పాయిజనింగ్, ఫేటల్ లాంటి మాటలు కలిపి వడపోయాలి. ఆ సెర్చ్ లైను నేను రాసి ఇచ్చాను కూడా. వాళ్లు పారాక్వాట్ అని ఒక్క మాట కొట్టి, వచ్చిందంతా సాఫ్ట్‌వేర్‌లో పోశారు.

అందరికంటే ఎక్కువ పేపర్లు రాసిన రచయిత "కుమార్ ఎ" అట, 58 పేపర్లు. దేశంలో ఎందరు కుమార్‌లున్నారు, వాళ్లందరినీ కలిపి ఒకే మనిషిని చేశారు. ఇలాంటి స్టడీలో అన్నిటికంటే కష్టమైన పని పేర్లు విడదీయడమే. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు ఉంటుంది, కొందరు చివర పెట్టుకుంటారు, కొందరు ఒక్క అక్షరంతో సరిపెడతారు, దాంతో డేటాబేస్ ఒకే మనిషిని ముగ్గురిగానూ, ముగ్గురిని ఒకే మనిషిగానూ చూపిస్తుంది. 2012 నుంచి ఒక్కో రచయితకీ ఆర్కిడ్ అని 16 అంకెల నంబర్ ఇస్తున్నది ఇందుకే. ఊరు, కాలేజీ, కోఆథర్లు చూసి ఒక్కో పేరూ చేత్తో విడదీయాలి. నేను డబ్బు కట్టింది ముఖ్యంగా ఈ పనికే.

ఇక మొదటి పేజీ. నా పేరు మూడోది. ముందు రెండు పేర్లు ఎవరివో నాకు తెలియదు.

అక్కడే, సార్ ఎదురుగానే ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి. డబ్బు పూర్తిగా ముట్టేదాకా "మేడం, మేడం" అన్న మనిషి, ఇప్పుడు "చూడమ్మా" అని మొదలుపెట్టాడు. "చూడమ్మా, నీకు కావాల్సింది పబ్లికేషన్, వచ్చింది కదా. పేర్ల ఆర్డర్ జర్నల్ వాళ్ల ఇష్టం." డౌన్‌లోడ్ చేసిన డేటా ఫైల్ ఇవ్వండి అన్నాను. "ఫైల్ ఎందుకు నీకు, ఎవరైనా అడిగినప్పుడు చూద్దాం." సరే, 23వ రిఫరెన్స్ మా సార్ రాయనే లేదు, అది ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగాను. అటు నుంచి వచ్చిన మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"రిటైరైన ప్రొఫెసర్ల పేర్లు పెడితే ఎవరూ అడగరమ్మా. ఆయనకీ ఒక సైటేషన్ వచ్చినట్టే కదా, సంతోషపడతాడు."

సార్ ఎదురుగా కూర్చుని వింటున్నారు. ముప్పై ఏళ్లు మార్చురీలో నిలబడి, చూడనిది చూశానని ఒక్కసారి కూడా రాయని మనిషి. ఆయన ఏమీ అనలేదు. ఎర్ర పెన్నుకి క్యాప్ పెట్టి, పేపర్ మడిచి నా చేతికిచ్చి, "ఫోన్ పెట్టెయ్యమ్మా" అన్నారు. నా మీద అరిచినా బాగుండేది. 38,000 పోయినందుకు కాదు నాకు నిద్ర పట్టనిది. ఆయన పేరు అబద్ధంలోకి నా చేతుల మీదుగా వెళ్లింది.

కాసేపటికి ఆయనే మాట్లాడారు. "రేపు నువ్వు బోనులో నిలబడితే క్రాస్‌లో లాయర్ ఈ కాగితం తీసి, డాక్టరు గారూ, ఇందులో 23 చూపించండి అంటే ఏం చెప్తవమ్మా?" మన అభిప్రాయానికి కోర్టులో విలువ ఉందంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 39 మనల్ని నిపుణులుగా చూస్తుంది కాబట్టి. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 45. ఒక్క దొంగ పేపర్ చాలు, ఇన్నేళ్ల రిపోర్టులన్నింటినీ అనుమానించడానికి. పైగా సైటేషన్లని వెతికి చూసే పద్ధతే లాయర్ల దగ్గర పుట్టింది. ఏ తీర్పుని తర్వాత ఏ కోర్టు ఉదహరించింది, ఏది కొట్టేసింది అని అమెరికాలో 1873 నుంచే షెపర్డ్స్ సైటేషన్స్ అనే సూచీ ఉండేది. దాన్ని చూసే యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ 1955లో సైన్స్ పేపర్లకి కూడా అలాంటిది కావాలని రాశాడు. ఒక మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూసుకోవడానికే సైటేషన్. నా పేపర్‌లో వెనక్కి వెళ్తే చేపల చెరువు తగులుతోంది.

ఇంటికొచ్చి పేపర్ వెనక్కి తీసుకుంటానని మెయిల్ పెట్టాను. విత్‌డ్రాయల్ ఫీజు 15,000 కట్టాలట! జర్నల్ సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆ పేరుతో స్కోపస్‌లో నిజంగానే జర్నల్ ఉంది, కానీ దాని వెబ్‌సైట్ వేరు. వీళ్లు పంపిన లింక్ అదే పేరుతో, అదే ఐఎస్ఎస్ఎన్‌తో, అంటే అదే జర్నల్ గుర్తింపు నంబర్‌తో, చేసిన నకలు సైట్. అసలు జర్నల్ వాళ్లకి రాశాను, జవాబు రావాలి.

ముందున్న రెండు పేర్లలో ఒకరి మెయిల్ దొరికితే రాశాను. ఆయన వేరే రాష్ట్రంలో డెంటల్ కాలేజీలో ఉన్నారు. రెండో ఆథర్ స్థానానికి 12,000 కట్టారట, పేపర్ దేని మీదో తెలియదట. ఆథర్ అనిపించుకోవడానికి వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఐసీఎంజేఈ నాలుగు షరతులు పెట్టింది, పనిలో చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి ప్రతిని ఒప్పుకోవాలి, రేపు ఏ ప్రశ్న వచ్చినా జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ కలిసి ఉండాలి, ఏదో ఒకటి కాదు. ఆయనకి ఒక్కటీ లేదు. ఇది ఏజెన్సీ వాళ్లకి తెలియక కాదు, వాళ్ల వ్యాపారమే అది. నా ఆరు నెలల ఆదివారాలని ముక్కలు చేసి సీట్లు అమ్ముకున్నారు.

మీరు ఎవరైనా ఇలాంటి వాళ్లకి పని ఇచ్చి ఉంటే ఈ రోజే డేటాబేస్ నుంచి దించిన అసలు ఫైల్, సెర్చ్ లైను, దించిన తేదీ అడగండి, ఇవ్వకపోతే ఇంకో రూపాయి కట్టకండి. ప్రతి రిఫరెన్స్ డీఓఐ మీరే కొట్టి చూడండి. జర్నల్ లింక్ వాళ్లు పంపింది కాకుండా స్కోపస్ సోర్స్ లిస్ట్‌లోంచి మీరే తెరవండి. ఈ లెక్కలు తీసే, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్లు వోస్‌వ్యూయర్, బిబ్లియోమెట్రిక్స్ రెండూ ఉచితమే, మీ లైబ్రేరియన్‌ని అడిగితే కూర్చోబెట్టి చూపిస్తారు, నేను అడగలేదు. అనాలిసిస్‌లో ఎవరైనా సాయం చేస్తే ఆ మాట కృతజ్ఞతల్లో రాయండి, అది తప్పు కాదు.

ఇంకొకటి. నేను సంతకం పెట్టిన ఆ ఖాళీ ఫారం ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. ఫోరెన్సిక్‌లో గానీ టాక్సికాలజీలో గానీ వాళ్ల ద్వారా పేపర్ వేయించుకున్నవాళ్లు మొదటి పేజీ ఒకసారి చూసుకోండి. నల్గొండ నుంచి మీకు తెలియని కోఆథర్ ఎవరైనా కనిపిస్తే, ఆ సంతకం నాదే కావచ్చు, పేపర్ మాత్రం నాది కాదు. దయచేసి నాకు మెసేజ్ పెట్టండి, మీ జర్నల్‌కి నేనే రాసి ఇస్తాను.