1873 నాటి నెల్లూరు మాన్యువల్: ఏ ప్రతి కొనాలి, పక్కన ఏం పెట్టుకుని చదవాలి

ఆన్‌లైన్‌లో నెల్లూరు జిల్లా మాన్యువల్ అని కొడితే రకరకాల అట్టలు కనబడతాయి. పుస్తకం ఒక్కటే. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి జాన్ ఎ.సి. బాస్వెల్ కూర్చగా 1873లో మద్రాసులో ప్రభుత్వం అచ్చువేయించిన, జిల్లా నేల, సాగు, శిస్తు, జనం వివరాలు ఒకచోట పెట్టిన ఇంగ్లీషు గ్రంథం. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, వేస్తున్నారు కూడా. తంటా అక్కడే వస్తోంది. పుస్తకం మంచిదే, అమ్మే ప్రతుల్లో సగం చేతికి పనికిరావు.

ప్రతులు రెండు రకాలు. పాత పుస్తకంలో పేజీకి పేజీ ఫొటో తీసి అచ్చువేసినవి ఒకటి. స్కాన్‌ను యంత్రంతో చదివించి, ఆ అక్షరాలను కొత్తగా పేర్చి అచ్చువేసినవి రెండోది. రెండో రకం జోలికి పోవద్దు. అట్ట తళతళలాడుతుంది, అక్షరం నల్లగా ఉంటుంది, లోపల మాత్రం 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది. కథల పుస్తకంలో అయితే సర్దుకుపోవచ్చు. శిస్తు, వర్షపాతం, జనాభా పట్టికలే ప్రాణమైన పుస్తకంలో ఒక అంకె మారితే ఆ పట్టికంతా దండగే. పైగా పట్టికలో నిలువు వరసలు చెదిరిపోయి, కావలి లెక్క కందుకూరు ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. ఊళ్ల పేర్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. అసలే దొరలు రాసిన స్పెల్లింగులు, వాటి మీద యంత్రం చేతివాటం.

ఫొటో రకంలో రోగాలు వేరు. లావు పుస్తకాన్ని పూర్తిగా విప్పకుండా స్కాన్ చేస్తే కుట్టు పక్కనున్న అక్షరాలు లోపలికి పోతాయి. ఎదురెదురు పేజీల మీద పరిచిన పట్టికల్లో సరిగ్గా మధ్య వరస మాయమవుతుంది. మడత షీట్లుండే పాత ప్రభుత్వ పుస్తకాలన్నిటికీ ఇంకో గతి పడుతుంది. స్కాన్ చేసేవాళ్లు మడత విప్పరు, అందుకని మ్యాపు ఉండాల్సిన చోట ఖాళీ పేజీయో, వీపు తిరిగిన కాగితమో వస్తుంది. ఇంత బరువున్న పుస్తకానికి గమ్ బైండింగ్ కూడా ఆగదు. బల్ల మీద విప్పి రెండుసార్లు నొక్కితే మధ్యలో పేజీలు కట్టలుకట్టలుగా ఊడి వస్తాయి. కుట్టు బైండింగ్ అని అమ్మేవాడు స్పష్టంగా రాస్తేనే డబ్బు కట్టండి.

కొనే ముందు అమ్మేవాడిని నాలుగు ఫొటోలు అడగండి: 1873 అని కనబడే టైటిల్ పేజీ, విషయసూచిక, మధ్యలో ఏదో ఒక పట్టిక పేజీ, చివరి పేజీ. చివరి పేజీ నంబరును ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరికే స్కాన్‌తో పోల్చుకోండి. విషయసూచికలో ఉన్న అనుబంధాలు లోపల ఉన్నాయో లేదో తేలిపోతుంది. ఫొటోలు పంపను అనేవాడి దగ్గర కొనకపోవడమే మంచిది. ఇలాంటి ప్రతులు ఆర్డరు వచ్చాకే అచ్చవుతాయి, వాపసు చాలామంది తీసుకోరు.

నిజానికి ఎక్కువమందికి మొత్తం పుస్తకం అవసరం లేదు. స్కాన్ దింపుకుని, మీ తాలూకాకు సంబంధించిన పేజీలు, నీటిపారుదల, కులాలు, భూమిశిస్తు అధ్యాయాలు ప్రింటు తీయించుకుంటే చాలు. నెల్లూరు వీఆర్‌సీ సెంటర్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఏ జిరాక్స్ షాపులోనైనా అయిపోయే పని. కాకపోతే చెప్పి చేయించుకోవాలి. రెండు వైపులా ఎ4, 75 జీఎస్ఎం కాగితం. ఉత్త నలుపు-తెలుపు మోడ్ కాకుండా గ్రేస్కేల్ పెట్టించండి. నలుపు-తెలుపులో సన్నని అంకెలు తెగిపోతాయి, దశాంశ చుక్కలు ఎగిరిపోతాయి. పాత పేజీ చిన్నది కాబట్టి కాగితానికి సరిపడా పెంచమంటే అక్షరం కంటికి ఆనుతుంది, అయితే ఎడమ పక్క స్పైరల్‌కు చోటు మిగలాలి. ముందు ఒక్క పట్టిక పేజీ తీయించి, అడుగు వరస మొత్తం పడిందో లేదో చూసుకుని తర్వాత మిగతావి చెప్పండి. రెండు వందల షీట్లు దాటితే రెండు భాగాలు చేయించడం మేలు.

ఇక లోపలి సరుకు. నేల గురించి ఇంత ఓపికగా చెప్పిన పుస్తకం ఈ ప్రాంతానికి మరోటి లేదు. చెరువులు, సాగు, పశువులు, ఉప్పు, జమీందారీలు అన్నీ ఉన్నాయి. 1855 నాటి నెల్లూరు ఆనకట్ట ఉంటుంది, 1880లలో కట్టిన సంగం ఆనకట్ట ఉండదు. రైలు లేదు, 1876-78 కరువు లేదు, తీరం వెంబడి పోయే కాలువకు బకింగ్‌హామ్ పేరింకా రాలేదు. అంటే మనకు తెలిసిన డెల్టా నెల్లూరు అప్పటికి ఇంకా పూర్తిగా తయారు కాలేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోకపోతే చాలా పేజీలు తప్పుగా అర్థమవుతాయి.

పట్టికల్లో ఫసలీ సంవత్సరాలు, అంటే జులైలో మొదలయ్యే శిస్తు లెక్కల సంవత్సరాలు ఎదురవుతాయి. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే 590 కలపండి. ఫసలీ 1280 అంటే 1870 జులై నుంచి 1871 జూన్ దాకా. పుట్టి దగ్గర మరింత జాగ్రత్త. ఇవాళ నెల్లూరులో ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు, తూకం. అప్పటిది కొలత. ఇరవై తూములు పుట్టి అయినా తూము ఊరూరికీ ఒకలా ఉండదు. అప్పటి దిగుబడిని ఇప్పటి పుట్లతో గుణించి ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లు ఇక్కడే బోర్లా పడుతున్నారు.

పుస్తకం మీ ఊరికి వర్తిస్తుందా అన్నది ముందే చూసుకోవాలి. 1873లో నెల్లూరు జిల్లా అంటే సూళ్లూరుపేట వైపు నుంచి ఒంగోలు దాకా. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరుకు పోయింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో గీతలు మళ్లీ మారాయి. అందుకని కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు వాళ్లకు ఇదే సరైన పుస్తకం. మార్కాపురం, కంభం, గిద్దలూరు వాళ్లు దీన్ని కొని ఏం చేసుకోలేరు. ఆ ప్రాంతాలు అప్పుడు కర్నూలు జిల్లావి, వాళ్లకు 1886 నాటి కర్నూలు మాన్యువల్ కావాలి. చీరాల, పర్చూరు వాళ్లు 1883 నాటి కృష్ణా మాన్యువల్ చూడాలి.

మాన్యువల్‌కు పెద్ద లోటు మనుషులు. కులాల అధ్యాయంలో జనం జాబితాలుగా ఉంటారు. యానాదుల గురించి రాసింది విలువైనదే. 1835లో శ్రీహరికోట సర్కారు కిందికి వచ్చాక అడవి సరుకు తెచ్చిపెట్టిన వాళ్లు వాళ్లే. అయినా ఆ పేజీల్లో మాట్లాడేది సర్కారు కచేరీ ఒక్కటే. ఈ నేల మీద పిల్లవాడు ఎలా పెరిగాడన్నది తెలియాలంటే పక్కన వేరే పుస్తకాలు పెట్టుకోక తప్పదు.

విచిత్రంగా, అలాంటి పుస్తకం ఒకటి అదే 1873లో అదే మద్రాసులో అచ్చయింది. వెన్నెలకంటి సుబ్బారావు ఇంగ్లీషులో రాసుకున్న జీవితచరిత్ర. ఒంగోలు ప్రాంతపు మనిషి, 1784లో పుట్టారు, 1815 నుంచి 1829 దాకా కంపెనీ వారి పై కోర్టయిన మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడు, దుబాసీ. ఆయన పోయాక కొడుకు బంధుమిత్రుల కోసం అచ్చువేయించాడు. చిన్నతనంలోనే తండ్రి పోయిన పిల్లాడు చుట్టాల ఆసరాతో పెరుగుతూ, ఒక్కో భాషా నేర్చుకుంటూ, ఆ భాషతో ఒక్కో కొలువు మెట్టు ఎక్కుతూ పోవడం ఇందులో కనబడుతుంది. రాత పొడిపొడిగా, అర్జీ చదివినట్టు ఉంటుంది. కన్నీళ్లు ఎదురుచూడకండి. చదువు గురించిన భాగాలు మాత్రం బంగారం. అర్థం చెప్పకుండా పద్యాలు బట్టీ వేయించే వీధిబడులను 1820లోనే తప్పుపట్టిన మనిషి మరి. చిన్న పుస్తకం కాబట్టి గమ్ బైండింగ్ ప్రతి అయినా ఫరవాలేదు.

టంగుటూరి ప్రకాశం పంతులు గారి ‘నా జీవిత యాత్ర’ దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. వినోదరాయునిపాలెం, ఒంగోలు వీధులు, పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకిన తల్లి, నాటకాల పిచ్చి, చేరదీసి రాజమండ్రి తీసుకుపోయిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు, అంతా మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఒంగోలు కోసమే అయితే మొదటి భాగం చాలు. నాలుగో భాగం తెన్నేటి విశ్వనాథం గారు రాసింది, అది రాజకీయం. ఒకే సంపుటంగా కొనేవాళ్లు నాలుగు భాగాలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

నెల్లూరు పట్నానికి ఎదురుగా పెన్న అవతలి ఒడ్డు కావాలంటే పుచ్చలపల్లి సుందరయ్య గారి ‘విప్లవ పథంలో నా పయనం’ ఉంది. కోవూరు తాలూకా అలగానిపాడు బాల్యం మొదట్లోనే అయిపోయి కమ్యూనిస్టు పార్టీ మొదలవుతుంది. కావలి ముస్లిం ఇంటి పిల్లాడి లోకం, నెల్లూరు మాట యథాతథంగా వినాలంటే మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. వీటన్నిటిలోనూ అమ్మలు ఉన్నారు కానీ కొడుకుల మాటల్లోనే ఉన్నారు. ఈ షెల్ఫులో ఖాళీ ఉన్నది అక్కడే.

ఊరి చరిత్ర రాయాలనుకునేవాళ్లు మాన్యువల్‌తో పాటు బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కూర్చిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు కూడా కొనేస్తుంటారు. 1905 నాటివి, మూడు సంపుటాలు, తాలూకాల వారీగా ఉంటాయి. ఒంగోలు అప్పటికే గుంటూరులో కలిసినా దాని శాసనాలు ఇందులోనే ఉన్నాయి. మూడూ కొనాల్సిన పనిలేదు. స్కాన్‌లో మీ తాలూకా వెతికి, మీ ఊరి పేజీలు మాత్రం తీయించుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగు నాలుగైదు రకాలుగా మార్చి వెతకాలి, లేకపోతే ఉన్న శాసనం కూడా లేనట్టే కనబడుతుంది.