మళ్లీ ఆనిన పాదం

వెన్నులో డిస్కు జారి వెనుక కాళ్లు ఈడుస్తున్న మా డాషండ్ కుక్కను, పశువైద్యుని సలహాపై, పాలకొల్లు నుంచి రాజమహేంద్రవరంలోని ఒక ఫిజియోథెరపీ కేంద్రానికి ఆరు వారాలు తీసుకువెళ్లాము. అక్కడి ప్రధాన సాధనం నీటి ట్రెడ్‌మిల్, అంటే నీరు నింపే గాజు తొట్టెలో కదిలే నడక పట్టా. నీరు తుంటి ఎత్తుకు చేరితే కాళ్లపై పడే బరువు శరీర బరువులో సుమారు 38 శాతానికి తగ్గుతుంది కనుక, నేలపై నిలవలేని కుక్క కూడా అందులో అడుగు వేయగలదు. గోదావరిలో ఈత కొట్టిస్తే సరిపోదా అని మా మామయ్యగారు అడిగారు గానీ, ఈతలో పాదం నేలకు ఆనదు. నడక తిరిగి రావడానికి ఆ ఆనడమే ముఖ్యం. నాలుగో వారంలో, మడతపడిపోయే పాదాన్ని అది తనంతట తానే తిప్పి వేళ్లపై ఆనించడం గాజు గోడలోంచి చూశాము. పొట్ట కింద తువ్వాలు వేసి నడిపించడం అక్కడివారు మాకు ఓపికగా నేర్పారు. అయితే తడి కాళ్లతో బయటికి వచ్చే చోట నున్నటి టైల్స్ ఉండడం పెద్ద లోపం. రెండు కొబ్బరిపీచు పట్టాలు పరిస్తే చాలు, కోనసీమ పక్కన వాటికి కరువా?