హ్యాండిల్ మీద ఫోనా, జీపీఎస్సా? రెండూ వాడాక

విజయనగరం, శ్రీకాకుళం చుట్టూ తిరిగే బైక్‌కి దారి చూపడానికి విడి జీపీఎస్ పరికరం అక్కర్లేదు, ఫోన్ చాలు. అయితే రోజూ జేబులో పెట్టుకునేది కాదు, బీరువాలో పడున్న పాత ఫోన్. కొత్తదాన్ని హ్యాండిల్‌కి బిగిస్తే ముందు పోయేది కెమెరా. ఇంజన్ అదురుకి లెన్సును నిలకడగా పట్టి ఉంచే భాగం దెబ్బతినొచ్చని యాపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. మౌంటు కింద రబ్బరు డ్యాంపర్ వేస్తే అదురు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.

ఎండ రెండో శత్రువు. ఐఫోన్‌కి కంపెనీ చెప్పే హద్దు 35 డిగ్రీలు. మన మే నెల మధ్యాహ్నాలు దాన్ని ఎప్పుడో దాటేస్తాయి. ఎండకి ఛార్జింగ్ వేడి తోడైతే స్క్రీన్ మసకబారుతుంది, ఛార్జింగూ ఆగిపోతుంది. వెనక కవరు తీసేయండి, వైర్‌లెస్ ఛార్జింగ్ జోలికి పోకండి. హెల్మెట్‌లో బ్లూటూత్ ఉంటే స్క్రీన్ ఆర్పేసి, మాట వింటూ పోవడమే మేలు.

వానలో మాత్రం ఫోన్ ఓడిపోతుంది. చినుకు పడిన ప్రతిచోటా వేలు పెట్టినట్టు మ్యాపు గెంతుతుంది. ఛార్జింగ్ రంధ్రం తడిస్తే చాలా ఫోన్లు కరెంటు తీసుకోవు. గార్మిన్ జూమో ఎక్స్‌టీ లాంటి బైక్ జీపీఎస్ పరికరాల గొప్ప ఇక్కడే: 5.5 అంగుళాల స్క్రీన్ ఎండలోనూ కనిపిస్తుంది, గ్లోవ్స్‌తో నొక్కొచ్చు, నీటిని తట్టుకునే ఐపీఎక్స్7 రేటింగ్ ఉంది కాబట్టి వానకి జంకదు. కానీ వాట్సాప్‌లో వచ్చిన లొకేషన్‌ని ఫోన్‌లో ఒక్క నొక్కుతో తెరిచినంత సుళువు అందులో లేదు. పేరు చివర వలస, పేట అని ఉండే ఊళ్లు నిండిన మన జిల్లాల్లో ఊరి పేరు కొట్టి వెతికితే అదే పేరుతో ఇంకో ఊరు తగలొచ్చు, పిన్ మీద పోవడమే నయం.

ఇక వైరింగు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. యూఎస్‌బీ ఛార్జర్‌ని నేరుగా బ్యాటరీకి కలిపితే బండి ఆపి ఉన్నా అది కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. కొన్నాళ్లు కదపని బండి సెల్ఫ్ తిప్పదు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకి కలపమనండి, మధ్యలో ఫ్యూజు తప్పనిసరి. 5 వోల్టులు, 2 ఆంపియర్ల ఛార్జర్ 12 వోల్టుల వైపు లాగేది దాదాపు 1 ఆంపియరే, కాబట్టి 3 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. టేపు చుట్టిన జాయింట్లు వానాకాలం దాటవు, వేడి చేస్తే ముడుచుకుని జాయింటును పట్టేసే హీట్ ష్రింక్ ట్యూబు వేయించండి. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, వైరు ఎక్కడా బిగుసుకోలేదన్నాకే ప్లాస్టిక్ జిప్ టైలు కట్టాలి.

సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కినా, ఎస్.కోట నుంచి అరకు వైపు ఎక్కినా సిగ్నల్ దోబూచులాడుతుంది. ఫోన్‌లోని జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు, మ్యాపుకే కావాలి. గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లో కొరాపుట్ దాకా దించుకోండి. ట్రాఫిక్, ప్రత్యామ్నాయ దారులు అందులో రావు. దించిన మ్యాపుకి గడువు ఉంటుంది, బయల్దేరే ముందు రోజు రాత్రి వైఫైలో అప్‌డేట్ చేయండి.

వానాకాలమంతా ఒడిశా ఘాట్లలో తిరిగేవాళ్లయితే విడి జీపీఎస్ కొనుక్కోండి. పాలకొండ, సీతంపేట, పలాస దాకా తిరిగేవాళ్లకి ఆ డబ్బుతో మంచి టైర్లు వస్తాయి.