యూరిన్ పైపు ఉంచేయాలా, పూటపూటకీ వేసి తీసేయాలా?

తాటిచెట్టు మీద నుంచి పడ్డాక మా బావకు నడుము కింద చచ్చుబడింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పుడు మూత్రాశయంలో ఎప్పుడూ ఉండిపోయే ఫోలీ పైపు, మంచం పక్కన యూరిన్ సంచి. నిండితే పారబోయడమే, ఇంతకంటే సుఖం ఏముంది అనుకున్నాం. ఆ సుఖం మాదే గానీ బావది కాదని తెలియడానికి రెండుసార్లు చలిజ్వరం రావాల్సి వచ్చింది.

వెన్నుపాము దెబ్బతింటే మూత్రాశయం నిండిన సంగతి మెదడుకు సరిగా చేరదు. దాన్ని గడియారం చూసి మనమే ఖాళీ చేయాలి, లేదా పైపు ఉంచేయాలి. పైపు లోపలే ఉంటే క్రిములకు నిచ్చెన వేసినట్టే. నెల తిరిగేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా కనిపిస్తుంది. ఏళ్లు గడిస్తే రాళ్లు, మూత్రనాళంలో పుండ్లు.

సన్నటి పైపు వేసి, ఖాళీ కాగానే తీసేసే పద్ధతిని సీఐసీ (క్లీన్ ఇంటర్మిటెంట్ క్యాథెటరైజేషన్) అంటారు. రోజుకు 4 నుంచి 6 సార్లు, ఒక్కోసారి 500 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోవాలి. ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నంత శుభ్రత ఉంటేనే ఇది కుదురుతుందని మొదట్లో అనుకునేవారు. చేతులు సబ్బుతో కడుక్కుంటే ఇంట్లోనే చేసుకోవచ్చని 1972లో అమెరికా డాక్టర్ జాక్ లాపిడెస్ చూపించాడు. మూత్రాశయం మరీ ఉబ్బితే దాని గోడకు రక్తం సరిగా అందదు, క్రిములు పట్టు సాధించేది అప్పుడే అని ఆయన వాదన. అంటే వేళ తప్పితే ఎంత శుభ్రత ఉన్నా లాభం లేదు.

చేతులు పనిచేసేవాళ్లకు నా ఓటు సీఐసీకే. కష్టం లేదని కాదు. బస్టాండులో చక్రాల కుర్చీ పట్టే బాత్రూమ్ దొరకదు. ఆ భయంతో చాలామంది నీళ్లు తాగడం తగ్గిస్తారు, అది ఇంకా ప్రమాదం.

మెడ దగ్గర దెబ్బతిని వేళ్లు కదలనివాళ్లకు, చేసిపెట్టే మనిషీ లేకపోతే, పొత్తికడుపు నుంచి వేసే పైపు మేలు. క్రిముల బెడద పోదు గానీ మూత్రనాళం పాడవదు. కాండమ్‌లా పైనుంచి తొడిగి సంచికి కలిపే కాండమ్ క్యాథెటర్ మగవాళ్లకు తేలిక, కానీ లోపల ఒత్తిడి ఎక్కువుంటే కిడ్నీలకు చేటు. యూరాలజిస్టు పరీక్ష చేశాకే వాడాలి.

ఛాతీ మధ్యలో గానీ, ఆపైన గానీ దెబ్బ ఉన్నవాళ్లకు పైపు మూసుకుపోతే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, తల పగిలేంత నొప్పి, ముఖమంతా చెమట. వెంటనే కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, పైపు మెలిపడిందేమో చూడాలి. తగ్గకపోతే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో మాట. స్పర్శ లేనివాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా మంట తెలియదు. జ్వరం, కాళ్ల బిగుతు పెరగడం, మధ్యలో మూత్రం కారిపోవడం, ఇవే గుర్తులు. ఇవేమీ లేకుండా కేవలం రిపోర్టులో క్రిములున్నాయని యాంటీబయాటిక్ మింగితే తర్వాత ఆ మందే పనిచేయకుండా పోతుంది.

బావ సెల్‌లో ఇప్పుడు రోజుకు అయిదు అలారాలు. పెళ్లిలో మోగితే అక్క కారు తలుపుకు పాత చీర పరదా కడుతుంది.