గులేరుకు ఏ రబ్బరు మేలు: సైకిల్ ట్యూబా, లేటెక్స్ గొట్టమా, లేటెక్స్ పట్టీయా?

మక్క చేలకూ జామతోటలకూ కోతుల బెడద పెరిగినప్పటి నుంచి, పంగకు రబ్బరు కట్టి రాయి విసిరే గులేరు మళ్లీ రైతుల చేతికి వచ్చింది. దానికి ఏ రబ్బరు కట్టుకోవాలని నన్ను అడగని నెల లేదు. అడిగేవారిలో చేను కాపలా కోసం అడిగేవారే ఎక్కువ కానీ, మొహమాటం లేకుండా పిట్టల వేటకే అడిగేవారూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును, కౌజును, రామచిలుకను కొట్టడం నేరం. తుపాకీతో కొట్టారా గులేరుతో కొట్టారా అన్న తేడా ఆ చట్టానికి లేదు. కాబట్టి ఈ పోలిక చేను కాపలాకూ గురి సాధనకూ మాత్రమే.

చాలామంది పంగను చూసి గులేరు కొంటారు. అరచేతిలో ఇమిడి, పగుళ్లు లేనిదైతే జామ పంగ చాలు; ఇనుప పంగ వల్ల అదనంగా ఒరిగేది బరువే. అసలు చూడవలసింది, లాగి వదిలిన రబ్బరు ఎంత త్వరగా ముడుచుకుంటుందన్నది. లాగడానికి మనం పెట్టిన బలమంతా ఉండకు చేరదు. కొంత రబ్బరు తన బరువును తాను మోసుకుపోవడానికి ఖర్చవుతుంది, మరికొంత వేడిగా మారిపోతుంది. చేతులు వణికేంత బిగువైన గులేరు కూడా ఒక్కోసారి రాయిని నీరసంగా విసరడానికి కారణం ఇదే.

సైకిల్ ట్యూబు ఈ పరీక్షలో తేలిపోతుంది. ఇప్పుడు దొరికే ట్యూబుల్లో చాలావరకు బ్యూటైల్ రబ్బరువి; అది గాలిని బాగా నిలుపుతుంది కానీ, సాగిన తర్వాత బద్ధకంగా వెనక్కి వస్తుంది. డబ్బు ఖర్చు కాదన్నది తప్ప దానికి వేరే గుణం నాకు కనబడలేదు.

రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే లేటెక్స్ గొట్టం దానికంటే ఎంతో నయం. ముడి వేసి కట్టుకోవచ్చు, అంచులు లేవు కనుక చిరుగు త్వరగా పట్టదు, రోజూ వాడినా పట్టీ కంటే ఎక్కువ కాలం మన్నుతుంది. పట్టీలు కోసుకునే ఓపిక లేనివారు దీన్ని నిశ్చింతగా ఎంచుకోవచ్చు.

అయినా నిరుడు వేసవిలో నేను గొట్టం విప్పేసి పట్టీ కట్టుకున్నాను. పట్టీని పంగ వైపు 25 మిల్లీమీటర్లు, ఉండను పెట్టే తోలు వైపు 15 మిల్లీమీటర్లు ఉండేలా ఏటవాలుగా కోస్తే, వేగంగా కదలవలసిన కొస తేలికవుతుంది, ఆ మేరకు ఉండకు వేగం దక్కుతుంది. పదిహేను అడుగుల దూరంలో పెట్టిన ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాను 8 మిల్లీమీటర్ల ఉక్కు గుండుతో కొట్టి చూశాను. ట్యూబు సొట్ట పెట్టింది, పట్టీ ఒక పక్కను చీల్చుకుని లోపలికి పోయింది. లాగే దూరం 80 సెంటీమీటర్లయితే, కట్లు పోను 16 సెంటీమీటర్ల పట్టీ సరిపోతుంది, అంటే ఐదింతలు సాగుతుంది. కత్తెరతో కోస్తే అంచున పడే సన్నని గంటు దగ్గరే తర్వాత తెగుతుంది కనుక, స్కేలు ఆనించి పదునైన బ్లేడుతో ఒక్క లాగుడులో కోయాలి. కొన్ని వందల దెబ్బలకే పట్టీ మార్చక తప్పదు, ఎండలో వదిలేస్తే అన్నాళ్లు కూడా ఉండదు; వేగం కోసం ఆ నష్టాన్ని నేను ఒప్పుకున్నాను.

ఉండల సంగతికి వస్తే, గోలీలు పర్వాలేదు, సీసం విషం గనుక వద్దు. ఉక్కు గుండు గురి సాధనకు బాగుంటుంది, కానీ బండకు తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేము. చేను కాపలాకు బంకమన్ను ఉండలే మేలు. ఎండలో పగుళ్లిస్తాయి కాబట్టి వాటిని నీడలోనే ఆరబెట్టాలి. కోతి మీదికి కాకుండా అది కూర్చున్న చెట్టు మొదలుకో, దగ్గరలోని రేకుకో కొడితే ఉండ చిట్లి చప్పుడవుతుంది, మంద కదులుతుంది.

పట్టీ తోలు దగ్గర తెగితే చేతికి చురుక్కుమంటుంది, పంగ దగ్గర తెగితే ముఖానికే వస్తుంది. అందుకే నేను ప్రతి పొద్దూ గులేరు పట్టుకోగానే ముందు పట్టీని కొద్దిగా సాగదీసి, పంగ కట్టు పక్కన తెల్లని గీతలు కనిపిస్తున్నాయేమో వెలుతురులో చూస్తాను; ఒక్కటి కనిపించినా రెండు వైపులా మారుస్తాను, ఎందుకంటే కొత్తది ఒకవైపు, పాతది ఒకవైపు ఉంటే గురి పక్కకు లాగుతుంది. మామూలు కళ్లద్దాలైనా పెట్టుకోకుండా మాత్రం ఉండ తొడగను.