కురుపాం మార్కెట్ దగ్గర జైన్ భోజనశాల: పొద్దుగూకేలోపే వెళ్ళండి

సింగపూర్‌లో ఉన్న ఆరేళ్ళూ మా పక్క ఫ్లాట్‌లో గుజరాతీ జైన్ కుటుంబం ఉండేది. మొన్న డిసెంబర్‌లో వాళ్ళు ఐదుగురూ వైజాగ్‌లో మా ఇంటికి వచ్చారు. ఊరు చూపించడం పెద్ద పని కాదు, వాళ్ళకి ఎక్కడ భోజనం పెట్టించాలా అన్నదే నా టెన్షన్.

మొదటి రోజు ఒక పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళాను. మెనూలో జైన్ పులావు అని ఉంది, వచ్చిన పులావులో క్యారెట్ ముక్కలు! ఉల్లి, వెల్లుల్లి తీసేస్తే సరిపోతుందనుకున్నారు. వాళ్ళు దుంపలేవీ ముట్టరు, ఆలూ, ముల్లంగి, బీట్‌రూట్, పచ్చి అల్లం కూడా. దుంప పీకితే మొక్క మొత్తం చస్తుంది, పైగా ఒక్క దుంపలో లెక్కలేనన్ని జీవులుంటాయని వాళ్ళ నమ్మకం. ఆ ఇంటావిడ, నేను భాభీ అంటాను, ఒక్క మాట అనకుండా పెరుగన్నంతో సరిపెట్టుకుంది, నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మర్నాడు మా బంగారం షాపాయన్ని అడిగితే ఈ భోజనశాల చెప్పాడు. మేడ మీద చిన్న హాలు, మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కష్టమే. పార్కింగ్ గురించి అడగొద్దు, ఆటోలో వెళ్ళండి. ప్లేటు 180 రూపాయలు. ఫుల్కాలు, పెసరపప్పు, గట్టే కూర (శనగపిండి ముక్కలతో చేసేది), ఆలూ బదులు అరటికాయ వేపుడు, ఇంగువ, సొంఠి వాసనతో వేడి కఢీ. అరటికాయ వేపుడు మా అమ్మ చేసినంత బాగుంది, అంతకంటే ఏం చెప్పను. స్వీటులో పంచదార ఎక్కువైంది. తాగడానికి కాచి చల్లార్చిన నీళ్ళు అడక్కుండానే పెట్టారు, అది చూసి మా అన్నయ్య, అంటే భాభీ వాళ్ళాయన, నా వైపు తిరిగి నవ్వాడు.

సాయంత్రం సంగతి ముఖ్యం. సూర్యాస్తమయం తర్వాత తినకూడదన్నది వాళ్ళ నియమం, చౌవిహార్ అంటారు. సింగపూర్‌లో ఏడాది పొడుగునా పొద్దుగూకేది ఏడు గంటల ప్రాంతంలోనే, ఆఫీసు నుంచి వచ్చి తినడానికి టైముంటుంది. మన దగ్గర డిసెంబర్‌లో ఐదున్నరకే చీకటి పడిపోతుంది కదా! రుషికొండ నుంచి ట్రాఫిక్‌లో పడి ఐదుంబావుకి చేరాం. వడ్డించేది మార్వాడీ పెద్దాయనే గానీ మాట అచ్చం మన వైజాగ్ యాస, "రండి రండి, మీ కోసమే పొయ్యి ఆపలేదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను ఐదు స్టార్లు ఇస్తాను.

సింగపూర్‌లో జలాన్ యాసిన్ వీధి‌లో జైనుల సొసైటీ భవనానికి పర్యూషణ్ రోజుల్లో, అంటే ఏటా వాళ్ళు ఉపవాసాలుండే పండగ రోజుల్లో, మమ్మల్నీ పిలిచేవారు. ఆ పండగ ఆఖరి రోజు, సంవత్సరి నాడు, మా ఇంటికొచ్చి "మిచ్ఛామి దుక్కడం" అని చేతులు జోడించి క్షమాపణ అడిగేవారు, మా పిల్లలకి కూడా. అలాంటివాళ్ళని మా ఊళ్ళో పస్తు ఉంచకుండా కాపాడింది ఈ భోజనశాలే.

ఆరుగురికి మించి వెళ్తే ముందు రోజే చెప్పండి, సాయంత్రం లెక్కపెట్టి వండుతారు.